1884లో న్యూయార్క్: వెయ్యి ఓట్ల తేడా, దాని వెనక కారణాల చిట్టా

మీరు అడిగింది ఇది: 1884 అమెరికా అధ్యక్ష ఎన్నికలో న్యూయార్క్ రాష్ట్రం వెయ్యి చిల్లర ఓట్ల తేడాతో డెమొక్రాట్ అభ్యర్థి గ్రోవర్ క్లీవ్‌ల్యాండ్‌కి దక్కింది, ఆ రాష్ట్రంతోనే ఆయన ప్రెసిడెంట్ అయ్యాడు. ఒక పాస్టర్ అన్న మాట వల్లే రిపబ్లికన్ జేమ్స్ బ్లెయిన్ ఓడిపోయాడని చదివారు, అది నిజమేనా? పైగా మెజారిటీ ఒక పుస్తకంలో 1,047 అని, ఇంకో దాంట్లో 1,149 అని ఎందుకుంది?

ముందు సూటిగా చెబుతాను. న్యూయార్కే ప్రెసిడెంట్‌ని తేల్చిందన్నది లెక్కకు నిలిచే మాట. పాస్టర్ మాట వల్లే న్యూయార్క్ చేజారిందన్నది నిలవదు. ఆయన మాట దెబ్బ తీయలేదని కాదు. పదకొండు లక్షల పైచిలుకు ఓట్లలో తేడా వెయ్యి దాటి కాస్తే ఉన్నప్పుడు, అంతకన్నా పెద్ద కారణాలు అరడజను దొరుకుతాయి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫలితం తారుమారయ్యేది. ఒకదాన్ని పట్టుకుని "అసలు కారణం ఇదే" అనడానికి వీల్లేదు. మెజారిటీ అంకె రెండు రకాలుగా కనపడటానికి కారణం అప్పటి ఓటింగ్ పద్ధతి. దాని గురించి కింద రాశాను.

నేను డిగ్రీ, పీజీ విద్యార్థులకు అమెరికా చరిత్ర చెబుతాను. 19వ శతాబ్దపు ఎన్నికల్లో నేను క్లాసులో ఎక్కువ సమయం వెచ్చించేది ఈ ఒక్క రాష్ట్ర ఫలితం మీదే. అందుకని జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

మొదట ఎలక్టోరల్ లెక్క చూడండి. అమెరికాలో ప్రెసిడెంట్‌ని నేరుగా ఎన్నుకునేది ఎలెక్టర్లు అనే ప్రతినిధులు. ఒక్కో రాష్ట్రానికి ఇంతమంది అని ఉంటారు, వాళ్ల ఓట్లే ఎలక్టోరల్ ఓట్లు, రాష్ట్రంలో గెలిచిన పార్టీకే మామూలుగా అవన్నీ పడతాయి. దేశం మొత్తం మీద 401 ఎలక్టోరల్ ఓట్లు, గెలవాలంటే 201 కావాలి. క్లీవ్‌ల్యాండ్‌కి 219, బ్లెయిన్‌కి 182 వచ్చాయి. న్యూయార్క్ వాటా 36. ఆ 36 అటు పోయి ఉంటే బ్లెయిన్‌కి 218, క్లీవ్‌ల్యాండ్‌కి 183. అంటే ఈ ఒక్క రాష్ట్రం తిరగబడితే ప్రెసిడెంటే మారిపోతాడు. రాష్ట్రంలో క్లీవ్‌ల్యాండ్‌కి సుమారు 5,63,000, బ్లెయిన్‌కి సుమారు 5,62,000 ఓట్లు పడ్డాయి. మద్యనిషేధం కోరే ప్రొహిబిషన్ పార్టీ తరఫున నిలబడ్డ జాన్ సెయింట్ జాన్‌కి దాదాపు 25 వేలు, కాగితపు డబ్బు ఎక్కువగా ఉండాలనే గ్రీన్‌బ్యాక్ పార్టీ తరఫున నిలబడ్డ బెంజమిన్ బట్లర్‌కి దాదాపు 17 వేలు వచ్చాయి. క్లీవ్‌ల్యాండ్‌కి వేసినవాళ్లలో ఆరువందల మంది లోపే మనసు మార్చుకుని బ్లెయిన్‌కి వేసి ఉంటే చాలు, కథ వేరేగా ఉండేది.

ఇక 1,047, 1,149 సంగతి. అప్పట్లో ప్రభుత్వం అచ్చువేసిన బ్యాలెట్ లేదు, రహస్య ఓటింగ్ కూడా ఇంకా రాలేదు. ఒక్కో పార్టీ తన టికెట్‌ని తనే అచ్చు వేయించుకునేది. పోలింగ్ గది దగ్గర పార్టీ మనిషి ఆ కాగితం చేతిలో పెడితే, ఓటరు దాన్ని మడిచి పెట్టెలో వేసేవాడు. ఆ కాగితం మీద వరసగా ఉండేవి ఎలెక్టర్ల పేర్లు, న్యూయార్క్‌కైతే 36. నచ్చని పేరుంటే దాన్ని పెన్సిలుతో కొట్టేయవచ్చు, పైన ఇంకో పేరు అతికించవచ్చు కూడా. అంటే చట్టప్రకారం ఓటు పడేది క్లీవ్‌ల్యాండ్‌కో బ్లెయిన్‌కో కాదు, విడివిడిగా ఒక్కో ఎలెక్టర్‌కి. లెక్కింపు కూడా ఎలెక్టర్ల వారీగానే జరిగేది. అందుకని ఒకే పార్టీ ఎలెక్టర్ల మధ్య కొన్ని పదులో వందలో ఓట్ల తేడా వచ్చేది. ఎవరి ఓట్లను పార్టీ ఓట్లుగా తీసుకుంటారు, అందరికన్నా ఎక్కువ వచ్చినతనివా, తక్కువ వచ్చినతనివా, సగటా, అన్నదాన్ని బట్టి మెజారిటీ అంకె మారిపోతుంది. ఇలాంటి అంకెల్లో తేడాలు వచ్చేది ఇక్కడే. రెండూ తప్పు కాదు.

ఇది నమ్మలేకపోతున్నాం అనే విద్యార్థులకు నేను 1880 అధ్యక్ష ఎన్నికలో కాలిఫోర్నియా చూపిస్తాను. ఆ రాష్ట్రంలో డెమొక్రాట్ హాన్‌కాక్ 144 ఓట్లతో బయటపడ్డాడు. ఆరు ఎలక్టోరల్ ఓట్లలో ఐదు ఆయనకి వచ్చాయి, ఒకటి మాత్రం రిపబ్లికన్ గార్‌ఫీల్డ్‌కి పోయింది. ఎందుకంటే డెమొక్రాట్ల టికెట్ మీద డేవిడ్ టెర్రీ అనే ఎలెక్టర్ ఉన్నాడు. ఇతను 1859లో సెనెటర్ బ్రోడరిక్‌ని ద్వంద్వ యుద్ధంలో కాల్చి చంపినవాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతి మర్చిపోని డెమొక్రాట్లు కొందరు అతని ఒక్క పేరు కొట్టేసి మిగతా టికెట్ అలాగే వేశారు. అతనొక్కడే ఓడిపోయాడు. ఒక్క పేరు మీద గీసిన గీతకి ఒక ఎలక్టోరల్ ఓటు పోయిన రోజులవి.

ఇప్పుడు పాస్టర్ దగ్గరికి వద్దాం. 1884 అక్టోబర్ 29, పోలింగ్‌కి ఇంకా ఆరు రోజులుంది. ఉదయం న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ హోటల్లో ప్రొటెస్టెంట్ పాస్టర్లు బ్లెయిన్‌ని కలిసి మద్దతు తెలిపారు. వాళ్ల తరఫున మాట్లాడిన ప్రెస్బిటేరియన్ పాస్టర్ శామ్యూల్ బర్చర్డ్, తాము రిపబ్లికన్ పార్టీని వదలబోమని, "రమ్, రోమనిజం, రెబెలియన్" పుట్టుపూర్వోత్తరాలుగా ఉన్న పార్టీలో చేరబోమని అన్నాడు. తాగుడు, రోమన్ కేథలిక్ మతం, అంతర్యుద్ధానికి దారితీసిన దక్షిణాది తిరుగుబాటు, మూడింటినీ డెమొక్రాట్ల పేరు మీద ఒక్క గాటన కట్టేశాడు. ఎదురుగా నిలబడ్డ బ్లెయిన్ ఆ మాటను పట్టించుకున్నట్టు కనపడలేదు, అక్కడికక్కడ ఖండించనూ లేదు. డెమొక్రాట్ల తరఫున షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే మనిషి అక్కడే ఉన్నాడు. మాట గంటల్లో వాళ్ల ఆఫీసుకి చేరింది, కరపత్రాలయింది, పోలింగ్‌కి ముందు ఆదివారం చర్చిల నుంచి బయటికొస్తున్న ఐరిష్ కేథలిక్కుల చేతుల్లోకి వెళ్లింది. బ్లెయిన్ నవంబర్ 1న న్యూ హేవెన్‌లో ఖండించేసరికే ఆలస్యమైపోయింది.

బ్లెయిన్ విషయంలో ఇది ఎందుకంత బాధాకరమంటే, ఆయన తల్లి కేథలిక్. ఇంగ్లండ్‌ని గట్టిగా ఎదిరించే మాటలతో ఐరిష్ ఓటర్లలో ఆయన అప్పటికే మంచి పేరు తెచ్చుకున్నాడు. మామూలుగా రిపబ్లికన్ల వైపు తిరిగి చూడని ఆ వర్గంలో కొంత చీలిక తేగలనని ఆయన ఆశ పెట్టుకున్నాడు. పైగా అదే రోజు రాత్రి డెల్మోనికో రెస్టారెంట్లో జే గౌల్డ్ లాంటి కోటీశ్వరులతో కలిసి విందుకి కూర్చున్నాడు. మర్నాడు పులిట్జర్ పత్రిక "వరల్డ్" మొదటి పేజీలో ఆ విందుని బైబిల్లోని బెల్షస్సరు విందులా (పతనానికి ముందు బబులోను రాజు చేసుకున్న విలాస విందు) చూపించే పెద్ద కార్టూన్ వచ్చింది. బొమ్మలో బల్ల ముందు ఒక పేద కుటుంబం చేయి చాచి నిలబడి ఉంటుంది. పగలు మతం, రాత్రి డబ్బు, ఒకే రోజులో రెండు దెబ్బలు.

ఇంతవరకూ కథ. దాన్ని పట్టికలతో సరిచూడాలంటే 1880ని పక్కన పెట్టుకోవాలి. 1880లో గార్‌ఫీల్డ్ న్యూయార్క్ రాష్ట్రాన్ని సుమారు 21 వేల ఆధిక్యంతో గెలిచాడు. 1884లో అది వెయ్యి ఓట్ల ఓటమిగా మారింది. అంటే రిపబ్లికన్లు పోగొట్టుకున్న దూరం దాదాపు 22 వేలు. ఇది ఎక్కడ పోయింది?

ఐరిష్ ఓటర్లు ఎక్కువగా ఉన్న న్యూయార్క్ నగరంలో (అంటే అప్పటి నగరం, బ్రూక్లిన్ అందులో కలవలేదు) డెమొక్రాట్ల ఆధిక్యం 1880లో 41 వేల పైచిలుకు. 1884లో 43 వేల పైచిలుకు. పెరిగింది రెండు వేల లోపే. పక్కనున్న బ్రూక్లిన్‌లో మాత్రం తొమ్మిది వేల చిల్లర నుంచి పదిహేను వేలు దాటింది, అంటే ఆరు వేలకు పైగా పెరిగింది. రెండూ కలిపితే ఎనిమిది వేల చిల్లర. మిగతా పద్నాలుగు వేల దాకా పోయింది ఈ రెండు నగరాల బయట, పల్లెలు, చిన్న పట్నాలు ఎక్కువగా ఉండి మామూలుగా రిపబ్లికన్లను ఆదుకునే ఉత్తర, పశ్చిమ జిల్లాల్లో. బర్చర్డ్ మాటకి మనసు కష్టపెట్టుకునే కేథలిక్ ఓటర్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు కాదు.

అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, నగరంలో పెరిగిన ఆ రెండు వేల లోపు ఓట్లు కూడా రాష్ట్ర మెజారిటీ కన్నా ఎక్కువే. కాబట్టి "బర్చర్డ్ లేకపోతే బ్లెయిన్ గెలిచేవాడు" అనేవాళ్లు పూర్తిగా తప్పు చెబుతున్నారని కూడా అనలేం. రెండు, బ్లెయిన్ ఆశించిన ఐరిష్ ఓట్లు ఎన్ని వచ్చేవో, వాటిలో ఎన్ని ఆగిపోయాయో ఏ పట్టికా చూపించదు. పడని ఓటుకి లెక్క ఉండదు. బ్రూక్లిన్ సంగతి ఇంకా చిక్కు. అక్కడ ఐరిష్ వాళ్లూ ఎక్కువే, బ్లెయిన్ అవినీతిపరుడని పార్టీకి ఎదురుతిరిగిన చదువుకున్న రిపబ్లికన్లూ ఎక్కువే. పేరుమోసిన పాస్టర్ హెన్రీ వార్డ్ బీచర్ బ్రూక్లిన్ వాడే, ఆయన క్లీవ్‌ల్యాండ్‌కి బహిరంగంగా మద్దతిచ్చాడు. ఆ ఆరు వేలలో ఎవరి వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు.

పట్టికలో కళ్లకు కట్టినట్టు కనపడేది మద్యనిషేధం ఓటు. 1880లో ఆ పార్టీకి న్యూయార్క్ మొత్తంలో వచ్చింది పదిహేను వందల చిల్లర. నాలుగేళ్లకు 25 వేలు. సెయింట్ జాన్ కాన్సాస్‌కి రిపబ్లికన్ గవర్నర్‌గా చేసినవాడు, ఆయన వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది ఒకప్పటి రిపబ్లికన్లే. ఆయన ప్రచారం ఎక్కువగా సాగింది న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర జిల్లాల్లోనే. బ్లెయిన్ వాళ్లకి నమ్మకం కలిగించే పని ఏదీ చేయలేదు. ఆ సెప్టెంబర్‌లో తన సొంత రాష్ట్రం మెయిన్‌లో మద్యనిషేధం మీద ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగితే, ఆ ప్రశ్నకి అటూ ఇటూ ఓటు వేయకుండా ఊరుకున్నాడు. రెండు వైపులా మంచిగా ఉందామనుకుంటే నిషేధం కోరేవాళ్లకి కోపం వచ్చింది. ఎన్నికయ్యాక రిపబ్లికన్లు సెయింట్ జాన్ దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కాన్సాస్‌లో ఆయన పేరు మీదున్న సెయింట్ జాన్ కౌంటీ పేరుని కొన్నేళ్లకే లోగన్ కౌంటీగా మార్చేశారు. లోగన్ ఎవరంటే 1884లో బ్లెయిన్‌తో పాటు వైస్ ప్రెసిడెంట్‌ పదవికి పోటీ చేసినవాడు. ఓటమి ఎవరి పద్దులో వేశారో దీన్నిబట్టి తెలుస్తుంది.

నా అంచనాలో పెద్ద కారణం ఇదే, పట్టికలు కూడా ఎక్కువగా దీని వైపే చూపిస్తాయి. కానీ దీనికీ ఒక అడ్డు ఉంది. 1888లో ఇదే న్యూయార్క్‌లో ప్రొహిబిషన్ పార్టీకి 30 వేలు దాటి వచ్చాయి, 1884 కన్నా ఎక్కువ. అయినా రిపబ్లికన్ హారిసన్ ఇదే క్లీవ్‌ల్యాండ్ మీద 14 వేల పైచిలుకు ఆధిక్యంతో రాష్ట్రాన్ని గెలిచాడు. అంటే 30 వేల ఓట్లు పోయినా గెలవొచ్చు, మిగతావి సరిగ్గా ఉంటే. 1884లో ఆ మిగతావే సరిగ్గా లేవు.

అందులో ఒకటి రాస్కో కాంక్లింగ్ పగ. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆసక్తి కలిగించే చిన్న కోణం ఇది. 1866లో ప్రతినిధుల సభలో బ్లెయిన్ న్యూయార్క్ నాయకుడు కాంక్లింగ్‌ని అందరి ముందు టర్కీ కోడిపుంజులా ఎగిరెగిరి నడుస్తాడని ఎద్దేవా చేశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మళ్లీ పొసగలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత బ్లెయిన్ తరఫున ప్రచారం చేయమని అడిగితే, లాయరైన కాంక్లింగ్ "నేను క్రిమినల్ కేసులు చేపట్టను" అన్నాడని చెబుతారు. ఆయన సొంత గడ్డ యుటికా, అది ఉన్నది ఒనైడా కౌంటీలో. 1880లో గార్‌ఫీల్డ్‌కి సుమారు రెండు వేల ఆధిక్యం ఇచ్చిన ఆ కౌంటీ 1884లో సన్నని తేడాతో క్లీవ్‌ల్యాండ్ వైపు తిరిగింది. ఒక్క కౌంటీలో పోయిన ఓట్లే రాష్ట్ర మెజారిటీని మించిపోయాయి.

మగ్‌వంప్‌లని పేరుపడిన తిరుగుబాటు రిపబ్లికన్ల గురించి మీరు చదివే ఉంటారు: కార్ల్ షుర్జ్, జార్జ్ విలియం కర్టిస్ లాంటివాళ్లు. రైల్వే కంపెనీల వ్యవహారాల్లో బ్లెయిన్ రాసిన ఉత్తరాలు బయటపడ్డాక వాళ్లు ఆయన్ని ఒప్పుకోలేదు. యువకుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్‌కి బ్లెయిన్ ఇష్టం లేకపోయినా పార్టీ దాటలేదు. మగ్‌వంప్‌లకి వేరే టికెట్ లేదు, క్లీవ్‌ల్యాండ్ టికెట్టే వేశారు. కాబట్టి వాళ్ల సంఖ్య తేల్చలేం. పోలింగ్ రోజు వాన కూడా ఒక కారణమంటారు, బురద దారుల్లో రిపబ్లికన్ రైతులు రాలేదని. బ్లెయిన్ స్వయంగా ఓటమి తర్వాత మిత్రుడు మ్యూరట్ హాల్‌స్టెడ్‌కి రాసిన ఉత్తరంలో పాస్టర్‌నీ వాననీ కలిపే తప్పుపట్టాడు. బర్చర్డ్ కథ ఇంతగా స్థిరపడటానికి ఆ ఉత్తరం కూడా కొంత కారణమని నా అభిప్రాయం. ఓడిన నాయకుడికి పార్టీలో చీలికలనీ, తన మీదున్న ఆరోపణలనీ ఒప్పుకోవడం కన్నా ఆ రెండింటి మీద నెట్టడం సులువు.

క్లీవ్‌ల్యాండ్ వైపు కూడా చూడాలి, చాలామంది ఇది వదిలేస్తారు. 1882లో ఆయన న్యూయార్క్ గవర్నర్‌గా గెలిచింది లక్షా తొంభై వేలకు పైగా మెజారిటీతో. రెండేళ్లలో అది వెయ్యికి పడిపోయింది. 1882లో రిపబ్లికన్లు తమలో తాము కొట్టుకుని ఇంట్లో కూర్చున్నారు కాబట్టి ఆ అంకెని నేరుగా పోల్చకూడదు. అయినా ఆయనకీ నష్టాలు తక్కువ కాదు. నగరంలో డెమొక్రాట్ పార్టీని నడిపే టామనీ హాల్ అనే సంస్థ నాయకుడు జాన్ కెల్లీకి ఆయనంటే గిట్టదు, ఆలస్యంగా, అయిష్టంగా కలిసొచ్చాడు. బట్లర్‌కి పడ్డ 17 వేలలో కార్మికుల ఓట్లు, డెమొక్రాట్లకి పడాల్సినవి, చాలానే ఉన్నాయి. బట్లర్ ప్రచారానికి రిపబ్లికన్లే డబ్బు సాయం చేశారు. సెయింట్ జాన్ బ్లెయిన్‌ని ఓడించాడని లెక్కేస్తే, బట్లర్ క్లీవ్‌ల్యాండ్‌కి చేసిన నష్టాన్నీ అదే కాగితం మీద రాయాలి. ఒకటి రాసి ఒకటి వదిలేసే లెక్క నేను విద్యార్థుల పేపర్లలో తరచూ చూస్తాను, మార్కులు అక్కడే తగ్గుతాయి.

ఫలితం తేలడానికి పట్టిన రోజులు కూడా గుర్తుపెట్టుకోదగ్గవి. నవంబర్ 4న పోలింగ్ అయింది. రోజులు గడిచినా ఎవరు గెలిచారో తెలియక దేశమంతా టెన్షన్. వార్తలన్నీ టెలిగ్రాఫ్ మీదే రావాలి, ఆ వెస్ట్రన్ యూనియన్ కంపెనీ బ్లెయిన్‌తో విందుకి కూర్చున్న జే గౌల్డ్ చేతిలో ఉంది. కావాలనే ఫలితాలు ఆపుతున్నారనే అనుమానంతో జనం కంపెనీ భవనం ముందు గుమిగూడి గౌల్డ్‌ని ఉరితీస్తామని పాటలు పాడారు. చివరికి గౌల్డే క్లీవ్‌ల్యాండ్‌కి అభినందన టెలిగ్రాం పంపాడు. అధికారిక లెక్క తేలేసరికి నవంబర్ నెల సగం గడిచిపోయింది. కొన్నిచోట్ల బట్లర్ ఓట్లని క్లీవ్‌ల్యాండ్ ఖాతాలో వేశారని రిపబ్లికన్లు చాలాకాలం ఆరోపించారు. దాన్ని నేను ఆరోపణగానే చెబుతాను.

మీరు ఈ విషయం మీద ఇంకా ముందుకెళ్లాలనుకుంటే 1844 న్యూయార్క్ కూడా పక్కన పెట్టుకోండి. అప్పుడూ ఈ రాష్ట్రానికి 36 ఎలక్టోరల్ ఓట్లే. డెమొక్రాట్ అభ్యర్థి పోక్ ఐదు వేల పైచిలుకు తేడాతో విగ్ పార్టీ అభ్యర్థి హెన్రీ క్లే మీద గెలిచాడు, బానిసత్వాన్ని వ్యతిరేకించే లిబర్టీ పార్టీ బిర్నీకి 15,812 ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికలో మూడో పార్టీ గురించి చెప్పే వాదన బలమైంది, మూడో పార్టీ ఓటు మెజారిటీకి మూడు రెట్లు ఉంది. 1884లో ఆ నిష్పత్తి ఇరవై రెట్ల పైనే. అయినా ఇక్కడ వాదన మరీ బలపడదు. తేడా అంత సన్నగా ఉన్నప్పుడు ప్రతి చిన్న కారణమూ మెజారిటీకి ఎన్నో రెట్లుగానే కనపడుతుంది.

మీ వ్యాసంలో ఏ అంకె రాయాలన్నదానికి నా సలహా: 1,149 రాయండి, ఈమధ్య పుస్తకాల్లో ఎక్కువగా కనపడేది అదే. పక్కనే "ఎలెక్టర్ల వారీ లెక్కని బట్టి 1,047 అని కూడా ఉంది" అని ఒక వాక్యం చేర్చండి. మీరు వాడే ఓట్ల సంఖ్యలూ అదే పట్టిక నుంచి తీసుకోండి. ఒక పుస్తకంలోని క్లీవ్‌ల్యాండ్ ఓట్లలోంచి ఇంకో పుస్తకంలోని బ్లెయిన్ ఓట్లు తీసేస్తే ఈ రెండూ కాని మూడో అంకె వస్తుంది. అలాంటివి ఇంటర్నెట్లో ఇప్పటికే కొన్ని తిరుగుతున్నాయి.